పాత ఆడియో క్యాసెట్లు పది కాలాలు నిలవాలంటే: ఏరడం నుంచి దాచడం దాకా

ఎన్నాళ్లుగానో అటకమీదున్న అట్టపెట్టె దించారు. లోపల ముప్పయ్యో నలభయ్యో క్యాసెట్లు. వెంటనే ఒకటి తీసి టేప్ రికార్డర్‌లో వేసి మీట నొక్కాలనిపిస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఇరవై ఏళ్లు కదలకుండా ఉన్న టేపుకు ప్రమాదమంతా ఆ మొదటి నిమిషంలోనే ఉంటుంది. టేపు ఎండి అంటుకుపోయి ఉండొచ్చు, లోపలి స్పాంజి రాలిపోయి ఉండొచ్చు, రికార్డర్ రబ్బరు చక్రం జిగురుగా మారి ఉండొచ్చు. చూస్తుండగానే టేపంతా లోపలికి లాక్కుని నమిలేస్తుంది.

క్యాసెట్లు దాచడం అనగానే చాలామంది మొదట అడిగేది అయస్కాంతాల గురించే. స్పీకర్ పక్కన పెడితే పాటలు చెరిగిపోతాయా, ఫోన్ పక్కన పెట్టొచ్చా అని. నిజానికి ఇళ్లలో టేపులు పాడయ్యేది అయస్కాంతాల వల్ల కాదు, చెమ్మ వల్ల. దాని తర్వాత వేడి. ఈ రెండింటినీ అదుపులో పెట్టగలిగితే సగానికి పైగా పని అయిపోయినట్టే. మిగతా సగం ఓపికతో చేసే చిల్లర పనులు.

లోపల ఏముందో ముందు చూద్దాం

ఫిలిప్స్ సంస్థ ఈ క్యాసెట్‌ను 1963లో బెర్లిన్‌లో జరిగిన ప్రదర్శనలో లోకానికి చూపింది. కొలతలు ఇప్పటికీ అవే. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. అంత సన్నటి పట్టీలోనే రెండు వైపులకూ కలిపి నాలుగు స్టీరియో గీతలు ఇమిడి ఉంటాయి.

టేపు అంటే పాలిస్టర్ పట్టీ మీద పూసిన అయస్కాంత పొడి. ఆ పొడి పట్టీకి అంటుకుని ఉండటానికి ఒక బంక కలుపుతారు. దాన్ని బైండర్ అంటారు. పాలిస్టర్ గట్టిది, దశాబ్దాలు నిలుస్తుంది. అయస్కాంత పొడి కూడా తనంతట తాను బలం కోల్పోదు. తేలిగ్గా దెబ్బతినేది మధ్యలో ఉన్న బంకే. అది గాలిలోని తేమను పీల్చుకుని మెల్లగా విడిపోతుంది. అప్పుడు టేపు జిగురుగా తయారై హెడ్‌కు, అంటే రికార్డర్‌లో టేపును ఆనుకుని శబ్దాన్ని చదివే భాగానికి, పొడి అంటించుకుంటూ పోతుంది, కీచుమని అరుస్తుంది. పెద్ద రీలు టేపుల్లో ఈ జబ్బు ఎక్కువ, క్యాసెట్లలో తక్కువ. తక్కువే గానీ లేకపోలేదు.

టేపు మందం విషయం కూడా తెలిసి ఉంటే మంచిది. 60 నిమిషాల క్యాసెట్‌లో టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, 90 నిమిషాల దాంట్లో 12, 120 నిమిషాల దాంట్లో 9. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క క్యాసెట్‌లో ఎక్కువ పడుతుందని అప్పట్లో 120 నిమిషాలవి కొన్నవాళ్లు ఇప్పుడు కాస్త ఎక్కువ జాగ్రత్త పడాలి. అవి సాగుతాయి, మడత పడతాయి, రికార్డర్‌లో తేలిగ్గా చిక్కుకుంటాయి.

ఇంకో లెక్క. 10,000 హెర్ట్జ్ ధ్వని ఈ టేపు మీద 4.76 మైక్రాన్ల పొడవైన అలగా పడుతుంది. అంటే హెడ్‌కీ టేపుకీ మధ్య కంటికి కనపడనంత దుమ్ము చేరినా ఆ శబ్దం మాయమైపోతుంది. తాళాల గలగల, 'స', 'శ' లాంటి అక్షరాల స్పష్టత ఉండేది ఆ పై స్థాయిల్లోనే. పాత క్యాసెట్ వింటే దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపిస్తే రికార్డింగ్ పోయిందని తేల్చేయకండి. చాలాసార్లు తప్పు దుమ్ముదో, టేపును హెడ్‌కు ఒత్తిపట్టే స్పాంజిదో అవుతుంది.

మొదటి అడుగు: ఏరడం

అన్నీ ఒకేలా చూడనక్కర్లేదు. దుకాణంలో కొన్న సినిమా పాటల క్యాసెట్లు వేల ఇళ్లలో ఉంటాయి, వాటిలో చాలావరకు వేరే రూపంలో దొరుకుతాయి. ఇంట్లో రికార్డు చేసినవి అలా కాదు. పిల్లల మొదటి మాటలు, నాయనమ్మ చెప్పిన కథ, పెళ్లి సందడి, ఒక గాయకుడి కచేరీ, ఎవరో పెద్దాయనతో చేసిన ఇంటర్వ్యూ. ఇవన్నీ ఒక్కటే ప్రతి. ఇవి పోతే పోయినట్టే. ముందుగా వీటిని ఒక పక్కన పెట్టండి. వాటిలోనూ 120 నిమిషాలవీ, పేరు లేని చవక రకాలవీ, ఇప్పటికే బూజు వాసన వేస్తున్నవీ ఉంటే అవి వరుసలో ముందుండాలి.

ప్రతి క్యాసెట్‌కు ఒక అంకె ఇవ్వండి. 001, 002 అలా. క్యాసెట్‌ను రెండు వైపులా, లోపలి కార్డునూ, పెట్టెనూ ఫోన్‌తో ఫొటో తీయండి. ఇది అరగంట పని, కానీ తర్వాత వారాల తలనొప్పి తప్పుతుంది. పాత లేబుళ్ల జిగురు ఎండిపోయి అవి ఊడుతుంటాయి. సగం ఊడిన లేబుల్ రికార్డర్‌లో ఇరుక్కుంటే క్యాసెట్ బయటికి రాదు. అలాంటిది కనిపిస్తే ఫొటో తీశాక లేబుల్‌ను పూర్తిగా తీసి కార్డుతో పాటు ఉంచండి. కొత్త లేబుల్ అంటిస్తుంటే ముందు రాసి తర్వాత అంటించాలి. అంటించాక గట్టిగా అదిమి రాయకూడదు.

ఇప్పుడే ఇంకో పని కూడా చేసేయండి. క్యాసెట్ వెనక అంచున, అంటే టేపు కనిపించే వైపుకు ఎదురుగా, రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఎవరూ పొరపాటున రికార్డు చేయలేరు. టేపు కిందికి ఉండేలా పట్టుకుంటే, మీకు ఎదురుగా ఉన్న వైపును కాపాడే పలక ఎడమ చేతి పక్క ఉంటుంది. రెండూ విరవండి. చిన్న స్క్రూడ్రైవర్ మొన చాలు. విరిగిన ముక్క లోపల పడకుండా చూసుకోండి.

రెండో అడుగు: కంటితో, ముక్కుతో పరీక్ష

క్యాసెట్ కిటికీలోంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చుట్టను చూడండి. టేపు చుట్ట పక్కభాగం గాజులా నున్నగా, చదునుగా ఉండాలి. మధ్యమధ్య పొరలు పైకి లేచి మెట్లలా కనిపిస్తే అది సమంగా చుట్టుకోలేదని అర్థం. ఆ లేచిన అంచులు ఏళ్ల తరబడి అలాగే ఉంటే వంకర తిరుగుతాయి. చుట్టలో అలల్లాంటి గీతలు కనిపిస్తే అది వదులై మళ్లీ బిగుసుకున్న గుర్తు.

తెల్లగా లేదా బూడిద రంగులో దూదిలాంటిది, చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది బూజు. ఇక్కడ ఆగాలి. బూజు పట్టిన క్యాసెట్‌ను ఆడిస్తే ఆ పొడి హెడ్ మీదికీ, రబ్బరు చక్రం మీదికీ, అక్కడి నుంచి మీరు తర్వాత వేసే ప్రతి మంచి క్యాసెట్‌కూ పాకుతుంది. మన ఊపిరితిత్తులకూ మంచిది కాదు. వెంటనే దాన్ని విడిగా జిప్ కవర్లో వేసి మిగతావాటికి దూరంగా పెట్టండి. తర్వాత మూత ఉన్న డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్‌తో పాటు కొన్ని వారాలు ఉంచితే బూజు ఎండి నిద్రాణమవుతుంది. అప్పుడు ఆరుబయట, ఎన్95 మాస్కూ గ్లోవ్సూ వేసుకుని, షెల్ (క్యాసెట్ ప్లాస్టిక్ డొల్ల) విప్పి, పోగులు రాలని పొడి గుడ్డతో చుట్ట పక్కభాగాలను తుడవాలి. పాత షెల్ పారేయాలి. విలువైన రికార్డింగ్ అయితే మాత్రం ఇది ఇంట్లో చేసుకునే పని కాదని నా అభిప్రాయం. టేపులు బాగుచేసే నిపుణులకు ఇవ్వడమే మేలు.

వాసన కూడా చాలా చెప్తుంది. మట్టి వాసన, తడి గుడ్డ వాసన వేస్తే తేమ ఉన్నట్టు. మాసిన సాక్సుల వాసనో, మైనపు రంగు బలపాల వాసనో వస్తే బంక విడిపోతుండొచ్చు. జిగురైన టేపును తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచి తాత్కాలికంగా ఆడేలా చేసే పద్ధతి ఒకటుంది. వేడిని డిగ్రీల లెక్కన కచ్చితంగా నిలపగల పరికరం కావాలి దానికి. వంటింటి ఓవెన్‌తో గానీ హెయిర్ డ్రయ్యర్‌తో గానీ ఆ ప్రయోగం చేయకండి. షెల్ వంకర పోతుంది, రికార్డింగ్ కూడా దానితోపాటే పోతుంది.

ఆఖరుగా, టేపు కనిపించే కింది అంచున చూడండి. మధ్యలో ఒక రాగిరంగు స్ప్రింగు, దాని మీద అంగుళంలో నాలుగో వంతైనా లేని మెత్తటి ముక్క ఉండాలి. అదే ప్రెషర్ ప్యాడ్. కొన్నింటిలో అది ఊడి లోపల దొర్లుతుంటుంది, కొన్నింటిలో స్పాంజి పొడిపొడిగా రాలుతుంది.

మూడో అడుగు: షెల్ మార్పిడి

టేపు బాగున్నా షెల్ పాడైతే భయం లేదు. టేపును ఇంకో షెల్‌లోకి మార్చడం వాచీ రిపేరంత కష్టం కాదు గానీ, తొందర ఉన్నరోజు మొదలుపెట్టకూడదు. విలువ లేని రెండు మూడు క్యాసెట్ల మీద ముందు చేయి తిరగనివ్వండి. నేను మొదటిసారి విప్పినప్పుడు టేపు చుట్ట జారి ఒళ్లో కుప్పపడింది. అది పనికిరాని క్యాసెట్ కాబట్టి సరిపోయింది.

కావలసింది అయిదు స్క్రూలున్న ఒక మంచి క్యాసెట్. తక్కువ వాడిన 60 నిమిషాలవి దీనికి బాగుంటాయి. దాన్ని బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, స్క్రూ తలలు పైకి ఉండేలా పెట్టి, స్క్రూలు తీయండి. పైమూతను తిన్నగా పైకి ఎత్తాలి. లోపల రెండు పలుచని ప్లాస్టిక్ షీట్లుంటాయి. చుట్టలు వాటి మధ్య జారుతూ తిరుగుతాయి, వాటిని పారేయకండి. టేపు ఏ రోలర్ల చుట్టూ ఎలా తిరిగిందో ఫొటో తీసుకోండి. తర్వాత పాత క్యాసెట్ విప్పి, రెండు చుట్టలనూ రెండు చేతుల వేళ్లతో ఒకేసారి ఎత్తి, కొత్త షెల్‌లో అదే దారిలో కూర్చోబెట్టండి. టేపు ప్యాడ్‌కు ముందు నుంచి, అంటే హెడ్ వైపు నుంచి పోవాలి. మూత పెట్టి స్క్రూలు బిగించేటప్పుడు మరీ గట్టిగా తిప్పితే చుట్టలు ఇరుక్కుంటాయి. పెన్సిల్‌తో తిప్పి చూస్తే తేలిగ్గా తిరగాలి.

స్క్రూలు లేకుండా అతికించేసిన షెల్స్ ఉంటాయి. వాటిని అతుకు వెంట పలుచని బ్లేడుతో కొంచెం కొంచెంగా విడదీయాలి. బ్లేడు లోతుగా దిగితే టేపు తెగుతుంది. మూలల నుంచి మొదలుపెట్టి, టేపు కనిపించే అంచును చివరికి వదిలిపెట్టండి.

తెగిన టేపును అతకడానికి మామూలు సెల్లోటేపు వాడొద్దు. దాని జిగురు నెలల్లో పక్కలకు కారి పక్క పొరలను అంటించేస్తుంది. 3.81 మిల్లీమీటర్ల వెడల్పుతో క్యాసెట్ల కోసమే చేసిన స్ప్లైసింగ్ టేప్ దొరుకుతుంది. తెగిన కొసలను ఏటవాలుగా కోసి, ఒకదానికొకటి ఆనించి, హెడ్‌కు తగలని వైపున అంటించాలి.

నాలుగో అడుగు: చుట్టి పెట్టడం

దాచే ముందు ప్రతి క్యాసెట్ పూర్తిగా ఒక చివర వరకు చుట్టి ఉండాలి. సగంలో ఆపి వదిలేస్తే, కింది అంచున బయటికి కనిపించే ఆ రెండంగుళాల టేపు దుమ్ముకీ వేలికీ దొరుకుతుంది. చివరి వరకు చుట్టితే అక్కడ రికార్డింగ్ లేని లీడర్ పట్టీ ఉంటుంది.

ఫాస్ట్ ఫార్వర్డ్‌లో చుట్టిన చుట్ట ఎగుడుదిగుడుగా వస్తుంది. మామూలు వేగంతో మొదటి నుంచి చివరి వరకు ఆడించి వదిలేసిన చుట్టే చక్కగా, సమంగా ఉంటుంది. అందుకే మంచి డెక్‌లో (క్యాసెట్లు ఆడించే యంత్రంలో) ఒకసారి పూర్తిగా ఆడించి, వెనక్కి తిప్పకుండా అలాగే దాచేయమంటాను. 'రెండేళ్లకోసారి అన్నీ తిప్పాలి' అనే పాత సలహా ఒకటుంది. మంచి డెక్ ఉంటే తిప్పితే తప్పు లేదు, కానీ మంచి వాతావరణంలో సమంగా చుట్టి ఉన్న టేపును ఊరికే తిప్పితే అరుగుదల తప్ప ఒరిగేదేమీ లేదు.

కొన్ని క్యాసెట్లలో పాట మొదలవడానికి కొద్ది క్షణాల ముందు ఆ పాటే సన్నగా దూరం నుంచి వినిపిస్తుంది. అది దయ్యం కాదు. చుట్టలో ఒక పొర మీది అయస్కాంత గుర్తు పక్క పొర మీద లీలగా అచ్చవుతుంది. పలుచని టేపుల్లోనూ వేడిలోనూ ఇది ఎక్కువ. చాలాకాలం దాచిన క్యాసెట్‌ను వినే ముందు ఒకసారి అటూ ఇటూ పూర్తిగా చుట్టితే ఈ నీడ శబ్దం కొంత తగ్గుతుంది.

అయిదో అడుగు: ఎక్కడ, ఎలా దాచాలి

ఈ భాగం మీద కాస్త ఎక్కువ సేపు కూర్చుందాం, ఎందుకంటే అసలు దాచడం అంటే ఇదే.

మొదట విడి పెట్టెలు. క్యాసెట్‌తో పాటు వచ్చే గట్టి ప్లాస్టిక్ పెట్టెను మించింది లేదు. దాని లోపల రెండు బొడిపెలుంటాయి. అవి చుట్టల పళ్లలోకి దూరి, దారిలో కుదుపుకు చుట్ట వదులు కాకుండా పట్టి ఉంచుతాయి. విరిగిన పెట్టెలు మార్చేయండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వాటి నుంచి వచ్చే నూనెలాంటి పదార్థం లేబుళ్లకూ టేపుకూ మంచిది కాదు. రబ్బరు బ్యాండ్లు అసలే వద్దు, అవి కరిగి అంటుకుంటాయి. లోపల దాచిన పేపర్ కటింగులు తీసి వేరే ఉంచండి.

క్యాసెట్లను పుస్తకాల్లా నిలబెట్టి పెట్టాలి. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే చుట్ట పక్కకు జారి అంచుల మీద బరువు పడుతుంది.

ఇక తేమ, వేడి. ధ్వని భాండాగారాలు నడిపేవాళ్లు చెప్పే లెక్క ప్రకారం వేడి 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 30 నుంచి 40 శాతం ఉంటే టేపుకు సుఖం. ఇల్లంతా ఇరవైనాలుగు గంటలూ అలా ఉంచడం ఎవరికీ కుదరదు. అందుకే టెన్షన్ పడకుండా రెండు విషయాలు గుర్తుంచుకోండి. తేమ 50 శాతం దాటనివ్వకూడదు. 65 శాతానికి పైన కొంతకాలం ఉంటే బూజు దాదాపు ఖాయం. రెండోది, అంకె ఎంతైనా అది రోజూ పైకీ కిందికీ ఊగకూడదు. పొద్దున చల్లగా, మధ్యాహ్నం వేడిగా మారే చోట టేపు రోజూ వ్యాకోచిస్తూ ముడుచుకుంటూ ఉంటుంది, చుట్ట వదులవుతుంది. ఎప్పుడూ 25 డిగ్రీలుండే గది, 18కీ 32కీ మధ్య ఊగే గది కన్నా మేలు.

కాబట్టి అటక వద్దు, అక్కడ కప్పు వేడి నేరుగా దిగుతుంది. నేలమాళిగ వద్దు, స్నానాలగది గోడకు ఆనుకున్న అలమర వద్దు, బయటి గోడకు అతికిన బీరువా వద్దు. ఇంటి మధ్య గదిలో, ఎండ పడని లోపలి గోడ పక్కన, నేల నుంచి జానెడు ఎత్తున ఉన్న అర మంచిది. నీళ్లు చేరితే ముందు మునిగేది కింది అరే. కారులో ఒక మధ్యాహ్నం వదిలేసినా షెల్ వంకరపోవచ్చు, అది వేరే చెప్పక్కర్లేదు.

గదిని మార్చలేకపోతే పెట్టెను మార్చుకోవచ్చు. బిగుతు మూత ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా, అందులో గుడ్డ సంచుల్లో సిలికా జెల్, గాలిలో తేమను కొలిచే ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్. ఇంతే. కానీ ఒక క్రమం ఉంది. ముందు క్యాసెట్లను పొడిగా ఉన్న గదిలో రెండు మూడు రోజులు ఉంచి, ఆ తర్వాతే మూత పెట్టాలి. తేమతో ఉన్నవాటిని మూతేసి బిగిస్తే ఆ తేమను మీరే లోపల బంధించినట్టు. సిలికా జెల్ ఎంత వేయాలన్నది డబ్బానూ, మీ ఊరి గాలినీ బట్టి ఉంటుంది. కొంచెం వేసి, రెండు రోజుల తర్వాత అంకె చూసి, ఎక్కువ తక్కువలు సర్దుకోండి. 20 శాతం కిందికి పోతే కొంత తీసేయండి, మరీ ఎండిన గాలిలో టేపు స్థిర విద్యుత్తుతో దుమ్మును లాగుతుంది. రంగు మారే రకం జెల్ కొంటే మార్చాల్సిన సమయం అదే చెప్తుంది. నీలం రంగు రకాల్లో కోబాల్ట్ లవణం ఉంటుంది, నారింజ రకం మేలు.

చవక హైగ్రోమీటర్ చూపే అంకెను గుడ్డిగా నమ్మకండి. పరీక్ష సులువు. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చుక్కలు చుక్కలుగా కలపండి. దాన్నీ హైగ్రోమీటర్‌నీ ఒక జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి రాత్రంతా ఉంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ పరికరం 70 చూపిస్తే అది అయిదు తక్కువ చెప్తోందని రాసి అంటించుకోండి.

ఫ్రిజ్‌లో పెడితే ఎలా ఉంటుందని అడిగేవాళ్లుంటారు. వద్దు. మరీ చల్లదనానికి టేపులోని కందెన పదార్థాలు వేరుపడే ప్రమాదం ఉంది, బయటికి తీసిన ప్రతిసారీ మీద నీటి బిందువులు పడతాయి. చల్లటి ఏసీ గది నుంచి వెచ్చటి గదికి తెచ్చినా మూసిన కవర్లోనే ఉంచి, ఒక రోజు ఆగి తెరవడం మంచి అలవాటు.

వరద నీళ్లో పైపు నీళ్లో పడి క్యాసెట్ తడిస్తే ఆడించకూడదు, వేడి గాలి కొట్టకూడదు. మురికి నీళ్లయితే డిస్టిల్డ్ వాటర్‌తో మెల్లగా కడిగి, షెల్ విప్పి, ఫ్యాను గాలి నేరుగా తగలని చల్లటి చోట ఆరనివ్వాలి.

అయస్కాంతాల సంగతి, సేఫ్‌ల సంగతి

అయస్కాంతం బలం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. పెద్ద స్పీకర్లకు, మోటార్లకు, వెనక అయస్కాంతాలున్న ఫోన్ కవర్లకు ఒక అడుగు దూరం ఉంటే చాలు. విమానాశ్రయాల్లో సామాను చూసే ఎక్స్‌రే వల్ల టేపుకు ఏమీ కాదు. నిజంగా చెడు చేయగల అయస్కాంతం రికార్డర్ లోపలే ఉంటుంది, దాని సంగతి కింద చెప్తాను.

విలువైనవని అగ్నినిరోధక సేఫ్‌లో పెడతారు కొందరు. కాగితాల కోసం చేసిన సేఫ్ నిప్పులో ఉన్నప్పుడు లోపల సుమారు 177 డిగ్రీల దాకా వేడెక్కడానికి అనుమతి ఉంటుంది. కాగితం తట్టుకుంటుంది, క్యాసెట్ కరిగిపోతుంది. పైగా ఆ సేఫ్‌ల గోడల్లో తేమ ఉంటుంది, మామూలు రోజుల్లో కూడా లోపల చెమ్మగా తయారవుతుంది. మాగ్నెటిక్ టేపుల కోసం వేరే తరగతి సేఫ్‌లున్నాయి, వాటిలో హద్దు 66 డిగ్రీల దగ్గర. అది కొనడం కన్నా ఇంకో ఊళ్లో ఒక ప్రతి ఉంచడం సులువు.

ఆరో అడుగు: డిజిటల్ ప్రతి

దాచడం అంటే సమయం కొనుక్కోవడమే. టేపు ఇంకో ముప్పై ఏళ్లు ఉన్నా, దాన్ని వినిపించే మంచి డెక్ అప్పటికి దొరుకుతుందో లేదో. అందుకే ఒక్కటే ప్రతి ఉన్న క్యాసెట్లను ఈ ఏడే కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

కంప్యూటర్‌కు తగిలించే చిన్న వాక్‌మన్ లాంటి పరికరాలు దొరుకుతాయి. సరదాగా వినడానికి సరే, ఒకే ఒక్క ప్రతి ఉన్న టేపుకు వాటిని వాడొద్దు. వాటిలో వేగం ఊగుతుంటుంది, గొంతులు వణుకుతాయి. మంచి స్థితిలో ఉన్న పాత డెక్, దాని లైన్ అవుట్ నుంచి ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

డెక్‌ను ముందు శుభ్రం చేయండి. 90 శాతానికి పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి హెడ్‌నూ, దాని పక్కన తిరిగే సన్నటి ఇనుప కడ్డీనీ తుడవండి. రబ్బరు చక్రాన్ని కూడా తుడిచి వెంటనే ఆరనివ్వాలి. దూదికి గోధుమ రంగు అంటడం ఆగేదాకా తుడవాలి. ఇందాక చెప్పిన అయస్కాంతం ఇదే: ఏళ్ల వాడకంలో హెడ్‌కు అయస్కాంత గుణం అంటుకుంటుంది, ఆ తర్వాత అది తన ముందు నుంచి పోయే ప్రతి టేపులోనూ పై శబ్దాలను కొంచెం కొంచెంగా చెరిపేస్తుంది. దాన్ని పోగొట్టే డీమాగ్నెటైజర్‌ను డెక్‌కు మీటరు దూరంలో ఆన్ చేసి, మెల్లగా దగ్గరికి తెచ్చి, మెల్లగా దూరం జరిపి, అప్పుడే ఆఫ్ చేయాలి. హెడ్ దగ్గర ఉండగా ఆఫ్ చేస్తే ముందుకన్నా ఎక్కువ అంటిస్తుంది. ఆ సమయంలో డెక్ ఆఫ్‌లో ఉండాలి, క్యాసెట్లు పక్క గదిలో ఉండాలి.

తర్వాత హెడ్ వాలు. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఏ కోణంలో ఉందో, వినిపించే హెడ్ కూడా అదే కోణంలో ఉండాలి. లేకపోతే పై శబ్దాలు పోతాయి. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ దీనికోసమే. మొదట అది ఎక్కడుందో నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టండి. ఎడమ కుడి రెండు చానళ్లనూ కలిపి మోనోలో వింటూ, స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పుతూ, శబ్దం ఎక్కడ మెరుపుగా వినిపిస్తుందో అక్కడ ఆపండి. కొద్ది డిగ్రీలు చాలు, పూర్తి చుట్టు ఎప్పుడూ తిప్పొద్దు. టేపు బుస శబ్దాన్ని తగ్గించే డాల్బీ మీట సంగతి ఈ పని అయ్యాకే చూడాలి. ఎందుకంటే డాల్బీ పై శబ్దాల స్థాయిని చూసి పనిచేస్తుంది, వాలు తప్పుంటే లెక్క మొత్తం తప్పుతుంది. క్యాసెట్ మీద ఏ డాల్బీ అని రాసి ఉంటే అదే, ఏమీ లేకపోతే ఆఫ్. టేపు రకం మీట కూడా అలాగే, మామూలువి మొదటి రకం, క్రోమ్ అని ఉంటే రెండోది.

రికార్డింగ్ 24 బిట్, కనీసం 48 కిలోహెర్ట్జ్, వీలైతే 96 కిలోహెర్ట్జ్‌తో వేవ్ ఫైల్‌గా చేయండి. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం ఐఏఎస్ఏ సూచించేదీ ఇదే. గంట స్టీరియో 48లో సుమారు 1 జీబీ, 96లో 2 జీబీకి కాస్త పైన వస్తుంది. మీటర్ అతి పెద్ద శబ్దానికి కూడా మైనస్ 6 డెసిబెళ్ల దగ్గర ఆగేలా స్థాయి పెట్టండి. గరగర తీసేయడం, శబ్దం పెంచడం లాంటివి ఆ ఫైల్ మీద చేయకండి. నకలు తీసుకుని దాని మీద చేసుకోండి. ఇంట్లోవాళ్లకు పంపడానికి ఎంపీ3 వేరే చేసుకోవచ్చు, అసలు ప్రతి మాత్రం అది కాకూడదు.

ఫైల్ పేరులో క్యాసెట్ అంకె, వైపు ఉండాలి: 014-ఎ, 014-బి. మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే ఇంట్లో. కాపీ అయిపోయిందని అసలు క్యాసెట్ పారేయకండి. రేపు ఇంతకన్నా మంచి హెడ్, మంచి చేయి దొరకొచ్చు.

ఏడాదికోసారి

డబ్బా తెరిచి హైగ్రోమీటర్ చూడండి, ముక్కు పెట్టండి, సిలికా జెల్ రంగు చూడండి. వరసలోంచి రెండు మూడు క్యాసెట్లు తీసి కిటికీలోంచి చుట్టలు పరీక్షించండి. డెక్‌ను కూడా రెండు మూడు నెలలకోసారి ఒక పనికిరాని క్యాసెట్‌తో పావుగంట నడపాలి, కదలకుండా ఉంటే లోపలి రబ్బరు బెల్టులు సొట్టపడతాయి. మీట నొక్కి ఉంచి వదిలేయకండి, రబ్బరు చక్రం మీద గుంట పడుతుంది. హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో అదే రోజు చూసుకోండి.

డబ్బాలో అన్నిటికన్నా పైన ఒక కాగితం ఉంచండి. ఏ అంకె క్యాసెట్‌లో ఎవరి గొంతు ఉంది, ఏ ఏడాదిది, ఏ డాల్బీ, ఏది కాపీ అయింది, ఆ ఫైళ్లు ఎక్కడున్నాయి. ఆ గొంతులు గుర్తుపట్టగలిగిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని రాయించండి.